ముట్లుడిగిన తరువాత హార్మోన్ క్రీమ్: దేనికి పనిచేస్తుంది, ఎలా వాడాలి

కోనసీమలో గాని, భీమవరం, నరసాపురం వైపు గాని యాభై దాటిన ఆడవాళ్లు మూత్రంలో మంటగా ఉందంటే ఇంట్లో మొదట వినబడే మాట "వేడి చేసింది" అనే. కొబ్బరి బొండాలు, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు అయ్యాక మందుల షాపు నుంచి యాంటీబయోటిక్ బిళ్లలు వస్తాయి, కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మంట మళ్లీ మొదలవుతుంది. ఇలా పదే పదే వచ్చే మంటకు, దురదకు, యోని పొడిబారడానికి, కలయికలో నొప్పికి ఈ వయసులో చాలామందిలో అసలు కారణం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోవడం. అందుకు యోనిలో వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది. సిగ్గుపడి డాక్టరుకు చెప్పుకోలేకపోవడం వల్లనే ఎందరో ఏళ్ల తరబడి ఈ బాధ మోస్తున్నారు.

ఏడాది పాటు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. ఆ తరువాత యోని లోపలి పొర పలచబడుతుంది, తేమ తగ్గుతుంది, అక్కడ ఆమ్లగుణాన్ని నిలిపే మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి, మలద్వారం దగ్గరి క్రిములు మూత్రనాళంలోకి తేలికగా చేరుతాయి. క్రీమ్ ఈ మార్పులను చాలావరకు వెనక్కి మళ్లిస్తుంది. 1993లో వెలువడిన ఒక పరిశోధనలో ఈస్ట్రియోల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీమ్ వాడినవారికి ఏడాదికి సగటున అర సారి మూత్రనాళ ఇన్ఫెక్షన్ రాగా, మందు లేని ఉత్త క్రీమ్ వాడినవారికి దాదాపు ఆరు సార్లు వచ్చింది. అయితే నాట్ల రోజుల్లో చేలోను, రొయ్యల షెడ్లలోను మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని పనిచేసే స్త్రీలకు ఆ ఇబ్బంది తీరకుండా క్రీమ్ ఒక్కటే అంత మేలు చేయజాలదని కూడా చెప్పాలి.

వాడకం మొదలుపెట్టే ముందు గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. ముట్లుడిగాక ఒక్కసారి రక్తం కనబడినా, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఉన్నా ముందే చెప్పాలి. రక్తం కనబడితే కారణం తేలేవరకు క్రీమ్ మొదలుపెట్టకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవారు క్యాన్సర్ డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

సాధారణంగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తరువాత వారానికి రెండు రాత్రులు వాడమంటారు. మోతాదు చీటీలో రాసినంతే. పడుకునే ముందు చేతులు కడుక్కుని, ట్యూబుకు అప్లికేటర్ (క్రీమ్ లోపలికి ఎక్కించే ప్లాస్టిక్ గొట్టం) బిగించి, ఆ గొట్టం మీద డాక్టరు చెప్పిన గీత వరకు క్రీమ్ ఎక్కించాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, అప్లికేటర్‌ను నెమ్మదిగా లోపలికి పెట్టి, వెనక పుల్లను చివరిదాకా నొక్కాలి. వాడాక గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. మూత్రద్వారం దగ్గర మంట ఎక్కువగా ఉంటే వేలి కొనతో అక్కడ కొద్దిగా రాయమని కూడా డాక్టర్లు చెబుతారు. కలయికకు ముందు జారుడు కోసం ఈ క్రీమ్ వాడకూడదు, అందుకు వేరే జెల్ దొరుకుతుంది.

ఓపిక ఇక్కడే కావాలి. రెండు మూడు వారాల్లో తేడా తెలియడం మొదలవుతుంది గాని, పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పది రోజులకే "పనిచేయలేదు" అని ట్యూబు పక్కన పడేసేవారు, తగ్గిందని మానేసేవారు ఇద్దరూ నష్టపోతారు, ఎందుకంటే మానేస్తే బాధ మళ్లీ వస్తుంది. ఈ తక్కువ మోతాదులో రక్తంలోకి చేరే హార్మోన్ చాలా స్వల్పం, అందుచేత డాక్టరు పర్యవేక్షణలో దీర్ఘకాలం వాడవచ్చు.

ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, ఎముకల బలహీనత మాత్రం ఈ క్రీమ్‌తో తగ్గవు. ఆవిర్లకు చేతి మీదో తొడ మీదో రాసుకునే ఎస్ట్రాడయోల్ (ఇదీ ఒక రకం ఈస్ట్రోజనే) జెల్ వేరే ఉంది, అది ఒళ్లంతా పనిచేస్తుంది. గర్భసంచి ఉన్నవారు ఆ జెల్‌తో పాటు ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ కూడా తప్పనిసరిగా వాడాలి, లేకుంటే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువ. వారికి సాధారణంగా ప్రొజెస్టరాన్ అవసరం ఉండదు. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీశారో లేదో డిశ్చార్జ్ కాగితాల్లో చూసి డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే ముట్లుడగకముందే అవి రెండూ తీసేస్తే ఏ వయసులోనైనా ముట్లుడిగిన బాధలు ఒక్కసారిగా మొదలవుతాయి.

షాపులో చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు రాయకండి, వాటితో చర్మం ఇంకా పలచబడుతుంది. మూడు నెలలు సరిగ్గా వాడినా దురద తగ్గకపోతే షుగరు పరీక్ష చేయించుకోండి. పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతుంటే అది ఫంగస్ కావచ్చు, చర్మం తెల్లబడి బిగుసుకుపోతుంటే వేరే చర్మవ్యాధి కావచ్చు. వాటి మందులు వేరు కాబట్టి డాక్టరు కంటితో చూసి తేల్చవలసిందే.