గుమ్మపాలు తాగే అలవాటు ఉంటే

పితికిన వెంటనే నురగతో ఉన్న గుమ్మపాలు పిల్లలకు బలమని మా ఇంట్లోనూ తాగించేవారు. దయచేసి ఆ అలవాటు మానేయండి. పశువుల్లో క్షయ తెచ్చే మైకోబ్యాక్టీరియం బోవిస్ అనే క్రిమి పచ్చిపాల ద్వారా మనకూ సోకుతుంది. అలా సోకినప్పుడు మెడ గ్రంథులకో పేగులకో పట్టవచ్చు. ఆవు పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు, అదే అసలు టెన్షన్. పాలు పొంగు వచ్చేదాకా కాచండి. 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే చాలు ఈ క్రిమి చస్తుంది, పొంగు అంతకు మించిన వేడి.

పశువు చిక్కిపోతూ దగ్గుతుంటే పశువైద్యుణ్ణి క్షయ ఉందో లేదో తేల్చే ట్యూబర్క్యులిన్ పరీక్ష అడగండి. చర్మంలో సూది వేసి, 72 గంటలయ్యాక వాపు చూస్తారు.

ఇంట్లో ఎవరికైనా టీబీ తేలితే పచ్చిపాలు తాగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. టీబీకి మామూలుగా ఇచ్చే పైరజినమైడ్ అనే మందు ఈ రకం క్రిమిపై పనిచేయదు.