బేబీ క్రీమ్ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి

ఖరీదైన బేబీ లోషన్ చేతిలోకి తీసుకున్నప్పుడు ముందున్న పూలు, బొమ్మలు వదిలేసి వెనకున్న చీమ తలకాయంత అక్షరాలు చదవండి. సాధారణంగా ఏది ఎక్కువుంటే అదే పదార్థాల జాబితాలో ముందుంటుంది. పైన గొప్పగా వేసిన బాదం నూనె చిట్టచివర కనబడితే, వేశామంటే వేశాం అన్నంతే! మొదట ఉండేవి నీళ్లు, గ్లిజరిన్ లాంటివి. అవి చవక డబ్బాలోనూ ఉంటాయి.

నేను ముందు వెతికేది సువాసన. 'ఫ్రాగ్రెన్స్', 'పర్ఫ్యూమ్' అని కనబడితే ఎంత పెద్ద బ్రాండైనా పక్కన పెట్టేస్తాను. పసివాళ్ల చర్మం మనకన్నా పలచన, ఊరికే కందిపోతుంది. 'అన్‌సెంటెడ్' (వాసన లేనిది) అన్నా నమ్మకండి. అసలు వాసన తెలియకుండా ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉండాలి. ఇక 'హైపోఅలర్జెనిక్' (అలర్జీ తక్కువ తెచ్చేది) అన్న మాటకైతే అమెరికాలో మందులు, సౌందర్య సాధనాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర కూడా నిర్వచనం లేదు.

పొడిబారిన ఒంటికి చాలాసార్లు సువాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ సరిపోతుంది. ఏది రాశామన్నదానికంటే ఎప్పుడు రాశామన్నది ముఖ్యం. గోరువెచ్చని నీళ్లతో 5-10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లింకా కాస్త చెమ్మగా ఉండగానే రాసేయండి. ఆరాక రాస్తే సగం లాభం పోయినట్టే.

కొత్తది ఏదైనా సరే, ముందు చేతి మీద కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడండి. ఎర్రగా కంది రసి కారుతుంటే మాత్రం ఇంకో క్రీమ్ కొనకండి, డాక్టరుకి చూపించండి.