తట్టి కొలవడం: కంపనాల నుంచి పదార్థపు స్థితిస్థాపక గుణకాలను లెక్కించడం ఎలా?

కుండ కొనేవారు దాన్ని వేలి మెటికతో తట్టి, మోత వినే పగులు సంగతి పసిగడతారు. ఒక పట్టీ యంగ్ గుణకాన్ని (సాగదీతకు, వంపుకు పదార్థం ఎంతగా ఎదురు నిలుస్తుందో చెప్పే కొలతను) కనుక్కోవడానికీ దాదాపు ఇదే పని చేయవచ్చు. కాకపోతే చెవికి బదులు మైకు, అనుభవానికి బదులు లెక్క ఉంటాయి. వస్తువు దృఢత్వం పెరిగితే దాని సహజ పౌనఃపున్యం (తట్టి వదిలేస్తే అది సెకనుకు కంపించే సార్లు) పెరుగుతుంది, ద్రవ్యరాశి పెరిగితే తగ్గుతుంది. కాబట్టి ఆకారం, బరువు, పౌనఃపున్యం తెలిస్తే దృఢత్వాన్ని వెనక్కి లెక్కగట్టవచ్చు. ఇలా తట్టి గుణకాలను కొలిచే పద్ధతికి ఉన్న ఏఎస్‌టీఎం ఇ1876 ప్రమాణం ఆధారపడేది ఈ సూత్రం మీదే.

ముందుగా నమూనాను సిద్ధం చేసుకోవాలి. 300 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 5 మందం గల అల్యూమినియం పట్టీని తీసుకుందాం. దాని బరువు సుమారు 121.5 గ్రాములు ఉంటుంది. పొడవును మంచి స్టీలు స్కేలుతో కొలిచినా సరిపోతుంది కానీ మందాన్ని మాత్రం మైక్రోమీటరుతో, కనీసం ఐదారు చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. ఇంత పట్టుదల ఎందుకంటే గుణకం లెక్కలో మందం ఘనంగా వస్తుంది: 0.05 మిల్లీమీటరు పొరపాటు మందంలో 1 శాతమే అయినా జవాబులో 3 శాతం అవుతుంది. ఈ ప్రయోగంలో చాలామంది పౌనఃపున్యం గురించి దిగులు పడతారు గానీ, జవాబును ఎక్కువగా పాడుచేసేది మందమే.

తరువాత పట్టీని ఆనించే పద్ధతి. పట్టీ విల్లులా అటూ ఇటూ వంగే మొదటి వంపు కంపనంలో రెండు చివరల నుంచి పొడవులో 0.224 వంతు దూరాన ఉండే అస్పందన స్థానాలు కదలవు. మన పట్టీకి ఆ దూరం 67 మిల్లీమీటర్లు. సరిగ్గా అక్కడ రెండు మెత్తని స్పాంజి ముక్కలనో, సాగదీసి కట్టిన రబ్బరు బ్యాండ్లనో ఆధారంగా పెడితే పట్టీ గాలిలో స్వేచ్ఛగా ఉన్నట్టే కంపిస్తుంది. మధ్యలో చిన్న ఉక్కు గోళీతోనో, స్క్రూడ్రైవరు పిడితోనో తేలికగా తట్టి, మైకును మధ్యభాగానికి దగ్గరగా, తగలకుండా ఉంచాలి. కంపనాలను పట్టే సెన్సరును పట్టీకే అంటించవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఈ పట్టీ చివర 2 గ్రాముల సెన్సరు అంటిస్తే పౌనఃపున్యం 3 శాతానికి పైగా పడిపోతుంది, గుణకం 6 శాతానికి మించి తగ్గి కనిపిస్తుంది. ఫోను మైకే మేలు.

రికార్డింగును ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేరులోగానీ, పైథాన్‌లో నంపై అనే గణిత లైబ్రరీ సాయంతోగానీ ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌కు (ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసే లెక్కకు) ఇస్తే, ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో శిఖరాలుగా చూపే చిత్రం వస్తుంది. 2 సెకన్ల ధ్వనికి గీతల మధ్య దూరం 0.5 హెర్ట్జ్; ఇంకా సూక్ష్మత కావాలంటే ఎక్కువసేపు మోగే ధ్వని కావాలి. ఫ్యాను ఆపేయడం మరవకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని గుణిజాల దగ్గర, ముఖ్యంగా మనకు కావలసిన చోటికి పక్కనే ఉన్న 300 దగ్గర, దొంగ శిఖరాలు కనబడవచ్చు.

ఈ పట్టీకి శిఖరం 291 హెర్ట్జ్ దగ్గర వచ్చిందనుకుందాం. ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లో, పొడవులను మీటర్లలో తీసుకుని, ద్రవ్యరాశిని పౌనఃపున్యపు వర్గంతో గుణించి వెడల్పుతో భాగించాలి. పొడవును మందంతో భాగించి వచ్చిన నిష్పత్తి ఘనంతోనూ 0.9465తోనూ గుణించాలి. మందం వల్ల వచ్చే చిన్న సవరణ కోసం, మందాన్ని పొడవుతో భాగించిన దాని వర్గాన్ని 6.585తో గుణించి 1కి కలిపి, ఆ సంఖ్యతో మళ్లీ గుణించాలి. (పొడవు మందానికి 20 రెట్లకు తగ్గకుండా ఉన్నప్పుడే ఈ సులభ సవరణ పనికొస్తుంది.) జవాబు 70.2 గిగాపాస్కల్, అల్యూమినియానికి రావలసినంతే. శిఖరం సరైనదేనా అని చూడటానికి పట్టీ చివరకు దగ్గరగా మరోసారి తట్టండి: రెండో వంపు కంపనం మొదటిదానికి 2.757 రెట్లకు కాస్త లోపుగా, అంటే 800 హెర్ట్జ్ ప్రాంతంలో కనిపించాలి.

మెలితిప్పే కంపనం నుంచి దృఢతా గుణకాన్ని (మెలితిప్పుకు పదార్థం ఎంతగా ఎదురు నిలుస్తుందో చెప్పేదాన్ని) కూడా ఇలాగే రాబట్టి, యంగ్ గుణకాన్ని దానికి రెట్టింపుతో భాగించి 1 తీసేస్తే పాయిజాన్ నిష్పత్తి (సాగదీసినప్పుడు పదార్థం అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) వస్తుంది. అయితే ఆ తీసివేత పొరపాట్లను పెంచుతుంది. గుణకాల నిష్పత్తిలో 1 శాతం తేడా వస్తే, 0.33 దగ్గర ఉండే పాయిజాన్ నిష్పత్తిలో అది 4 శాతం తేడాగా మారుతుంది.

చెక్క దగ్గరకు వస్తే ఈ సూత్రాలు చాలవు. బొబ్బిలి వీణలకు వాడే పనస చెక్కనే తీసుకోండి: ఏ చెక్కకైనా నార వెంబడి ఒక దృఢత్వం, అడ్డంగా మరొకటి, చాలా తక్కువది, ఉంటాయి. రెండు దిశల యంగ్ గుణకాలు, ఒక దృఢతా గుణకం, ఒక పాయిజాన్ నిష్పత్తి కలిపి నాలుగు తెలియని రాశులు. అప్పుడు పలకను తీసుకుని ఎనిమిది, పది పౌనఃపున్యాలు కొలవాలి. తరువాత వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో పలకకు కంప్యూటర్‌లో గణిత నమూనా కట్టి, ఊహించిన విలువలతో పౌనఃపున్యాలు లెక్కించి, కొలిచిన వాటితో పోల్చి, తేడాల వర్గాల మొత్తం తగ్గేలా విలువలను సవరిస్తూ పోవాలి. దీనికి పైథాన్‌కే చెందిన సైపై లైబ్రరీలోని కనిష్ఠ వర్గాల సాధనం చాలు. తొలి ఊహను నార వెంబడి, అడ్డంగా కోసిన రెండు సన్నని పట్టీలను తట్టి తెచ్చుకుంటే లెక్క త్వరగా కుదురుకుంటుంది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. విలువలు మారుతున్న కొద్దీ కంపనాల వరుస తారుమారవుతుంది. మూడో పౌనఃపున్యాన్ని మూడోదానితో గుడ్డిగా జతచేస్తే లెక్క తప్పుడు జవాబు దగ్గర నిశ్చింతగా ఆగిపోతుంది. కాబట్టి కంపన ఆకారాలను కూడా కొలిచి, మోడల్ అష్యూరెన్స్ క్రైటీరియన్ అనే పోలికతో జతచేయాలి. అది 1కి దగ్గరగా ఉంటేనే రెండు ఆకారాలూ ఒకటే. పాయిజాన్ నిష్పత్తి ప్రభావం చాలా పౌనఃపున్యాల మీద అతి స్వల్పం. అది బయటపడాలంటే, పలక పొడవు వెడల్పుల నిష్పత్తిని రెండు యంగ్ గుణకాల నిష్పత్తికి నాలుగో మూలంగా ఎంచుకోవాలి. ఒకటి మరొకదానికి 16 రెట్లయితే, పలక నార వెంబడి వెడల్పుకు రెట్టింపు పొడవుండాలి. అప్పుడు జీను ఆకారంలోనూ గిన్నె ఆకారంలోనూ వచ్చే కంపనాల పౌనఃపున్యాల మధ్య దూరం పాయిజాన్ నిష్పత్తిని పట్టిస్తుంది.

లెక్క మొదలుపెట్టే ముందే కొలిచిన పౌనఃపున్యాల్లో ఒకదాన్ని పక్కన దాచి, చివర్లో గణిత నమూనా దాన్ని ఎంత దగ్గరగా చెబుతుందో చూడండి. అది 1 శాతం లోపు కలవకపోతే ప్రోగ్రామును తప్పుపట్టే ముందు పలక మందాన్ని మళ్లీ కొలవండి, చెక్క తేమ పీల్చిందేమో మరోసారి తూచండి.