తైబందీ మీటింగులో ఎవరి మాట ఏ మెట్టు నుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా

యాసంగికి చెరువులో ఉన్న నీళ్ళు ఎంత ఆయకట్టుకు ఇవ్వాలో తేల్చే తైబందీ మీటింగు గొడవ లేకుండా జరగదు. జనగామ వైపు ఊళ్ళలో అలాంటి మీటింగులు నడిపించడం నా పని. ఇందులో నాకు బాగా అక్కరకొచ్చింది క్లేర్ గ్రేవ్స్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ చెప్పిన విలువల మెట్లు. 1950ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో ఆయన తన విద్యార్థులకు ఒక ప్రశ్న ఇచ్చాడు: మానసికంగా ఎదిగిన మనిషి ఎలా ఉంటాడో రాయండి. జవాబులు ఒక్క తీరుగా రాలేదు. ఏళ్ళ తరబడి వాటిని వేరుచేసి చూసి, బతుకు పరిస్థితులు మారినకొద్దీ విలువలూ మారతాయని ఆయన తేల్చాడు. ఆయన పనిని ముందుకు తీసుకెళ్ళిన డాన్ బెక్, క్రిస్ కోవన్ ఆ మెట్లకు రంగులు పెట్టారు. 1996 నుంచి అది స్పైరల్ డైనమిక్స్ పేరుతో చెలామణిలో ఉంది.

మీటింగులో మీరు మొదట చేయాల్సింది, ఎవరు ఏం అడిగారన్నది కాక ఎందుకు అడిగారన్నది రాసుకోవడం. ‘ఇయ్యాలే తూము తియ్యాలె’ అని అందరూ అనొచ్చు. కారణాలు వేరు.

“మైసమ్మకు బోనం అయింది, నీరటాయన తియ్యాలె, తాతల కాన్నుంచి గిట్లనే” అంటే ఊదా రంగు (నీరటాయన అంటే ఊళ్ళో పొలాలకు నీళ్ళు పంచే మనిషి). తెగ, కులదేవత, ఆనవాయితీ. “నా పొలం ఎండుతుంటే ఎవడు ఆపుతడో చూస్త” అంటే ఎరుపు. “రిజిస్టర్ల ఇయ్యాల మా వంతే రాసున్నది” అంటే నీలం. “ఇయ్యాల తడి పెడితే దిగుబడి దక్కుతది, మందులకు పెట్టిన పైసలన్న ఎల్తయ్” అంటే నారింజ. “చేపలు పట్టెటోళ్ళను, భూమి లేనోళ్ళను గూడ అడిగినం, అందరికీ ఇష్టమే” అంటే ఆకుపచ్చ. వీటన్నిటి కింద పూట గడిస్తే చాలనే లేత గోధుమ రంగు మెట్టు ఉంది. పైన పసుపు, నీలాకుపచ్చ ఉన్నాయి కానీ వాటి గురించి ట్రైనింగుల్లో మాట్లాడినంతగా చెరువు కట్ట మీద అవసరం పడదు.

ఈ వరసలో ఒక మెట్టు ‘నేను’ వైపు, తర్వాతిది ‘మనం’ వైపు మొగ్గుతుంది. ఎరుపు నేను, నీలం మనం, నారింజ మళ్ళీ నేను. ఇది గుర్తుంటే పక్కపక్క మెట్ల వాళ్ళకే ఎక్కువ ఎందుకు పడదో అర్థమవుతుంది.

తర్వాత, ఆ మనిషికి వినబడే మాటలో జవాబు చెప్పండి. ఎరుపు మెట్టు నుంచి మాట్లాడేవాళ్ళ ముందు సమానత్వం గురించి ఉపన్యాసం ఇస్తే పని చెడుతుంది. మీటింగుకు ముందే ఆ మనిషిని విడిగా కలవండి. “అన్నా, రాత్రి వంతు కావలి నీ చేతిల పెడ్తం, గండి పడితే నిన్నే అడుగుతం” అనండి. గౌరవం, హద్దు రెండూ వెంటనే కనబడాలి. ఊదా మెట్టు వాళ్ళతో మాట్లాడేటప్పుడు పెద్దమనిషిని కాదని తీర్మానం చదవకండి. నారింజకు కాగితం మీద లెక్క చూపిస్తే చాలు.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది నీలం దగ్గరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ఎన్నిక, పదవి, నియమాలు అన్నీ పక్కాగా నీలమే. నేను చూసిన ఊళ్ళలో మాత్రం ఆ కుర్చీలో అప్పటిదాకా ఊరిని నడిపించిన దొరతనమే, అంటే ఎరుపే, కూర్చుంది. ఇక కొందరు సంస్థల వాళ్ళు వంతుల రిజిస్టరే లేని చోట గుండ్రంగా కూర్చోబెట్టి అందరి మనసులు విప్పమంటారు. నాకది ఒళ్ళుమంట. ముందు రిజిస్టరు, తర్వాత మనసులు.

అసలు పట్టు పరిస్థితిలో ఉంది. కాలువ చివరి మడికి నీళ్ళు చేరనంతకాలం అక్కడి రైతుకు నియమం మీద నమ్మకం రాదు. తూము తలుపు కారుతుంటే ముందు అది బాగుచేయించండి. వంతులు చివరి పొలం నుంచి మొదలుపెట్టించండి. ఆ తర్వాత అదే నోట “మా వంతు ఎప్పుడు?” అనే ప్రశ్న వస్తుంది. అంటే మనిషి మారాడని కాదు, ఎగబడాల్సిన అవసరం తగ్గింది.

రంగులు మనుషులకు అతికించకండి. మీటింగులో ఎరుపుగా అరిచినాయనే కూతురి చదువు దగ్గర పక్కా నారింజ. కులాలకు, ఊళ్ళకు అతికించడం ఇంకా అన్యాయం. పై మెట్టు అంటే మంచి మనిషి అని గ్రేవ్స్ అనలేదు. అకడమిక్ సైకాలజీలో ఈ సిద్ధాంతానికి పెద్ద పీట లేదు కూడా. నేను దీన్ని చెవిని సరిచేసుకోవడానికి వాడతాను, అంతే.

తీర్మానం రాసేటప్పుడు తూము తీసే తేదీ మైసమ్మ పండగను చూసి పెట్టండి. కావలివాళ్ళ పేర్లు, వంతుల పట్టిక, తప్పితే కట్టాల్సిన జరిమానా, తడి పెట్టే ఎకరాలు అదే కాగితం మీద రాయండి. చేపల సంఘానికి చెరువులో ఎంత నీరు మిగల్చాలో కూడా రాయండి. గట్టిగా చదివి వినిపించి, చివరి మడి రైతు సంతకం మొదట పెట్టించండి.