కొబ్బరిపాలతో ఖ్మేర్ కోడికూర: సమ్లా కరి

కంబోడియాలో పెళ్లిళ్లకీ, ఖ్మేర్ కొత్త సంవత్సరానికీ, పితృదేవతలను తలచుకునే ప్చుమ్ బెన్ పండక్కీ పెద్ద గిన్నెల్లో ఉడికే కూర సమ్లా కరి. ప్చుమ్ బెన్ వచ్చేది భాద్రపద బహుళంలోనే, చాలా ఏళ్లు మన మహాలయ పక్షంతో కలిసే వస్తుంది. కూర చూడ్డానికి ఎర్రగా ఉన్నా నోరు మండదు. ఎండుమిరపకాయలు ఇందులో ముఖ్యంగా రంగు కోసం. రుచిని నడిపేవి నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లం జాతి దుంప), కొబ్బరిపాలు. అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా, చివర్లో కొత్తిమీర అలవాటుగా పడ్డాయంటే అది మంచి కోడికూరే అవుతుంది గానీ సమ్లా కరి కాదు.

ఈ కూర ప్రాణమంతా క్రుయెంగ్ అనే పచ్చి నూరుడు ముద్దలో ఉంది. దానికే ఎక్కువ సమయం కేటాయించండి, మిగతా వంట గంటలోపే అయిపోతుంది. నలుగురైదుగురికి, కిలో కోడి మాంసానికి ఈ కొలతలు సరిపోతాయి.

క్రుయెంగ్‌కి: నిమ్మగడ్డి 4 కాడలు, దుంపరాష్ట్రం 25 గ్రాములు, పచ్చి పసుపు కొమ్ము 10 గ్రాములు (లేకపోతే పసుపు ముప్పావు చెంచా), వెల్లుల్లి 8 రెబ్బలు, సాంబారు ఉల్లిపాయలు 6, మక్రూత్ నిమ్మ (కాఫిర్ లైమ్) ఆకులు 4, బ్యాడిగి మిరపకాయలు 8, ఉప్పు అర చెంచా, పులియబెట్టిన రొయ్యల ముద్ద ఒక చెంచా. విడిగా వేయించి పొడి చేసుకోవడానికి ధనియాలు ఒక పెద్ద చెంచా, జీలకర్ర అర చెంచా, అనాసపువ్వు 1, దాల్చినచెక్క 3 సెంటీమీటర్ల ముక్క, యాలకులు 2.

కూరకి: ఎముకతో ఉన్న కోడి ముక్కలు కిలో, చిలగడదుంప 300 గ్రాములు, అలచంద కాయలు 150 గ్రాములు, గుండ్రటి వంకాయలు 150 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ 1, ఫిష్ సాస్ (చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం) 2 పెద్ద చెంచాలు, తాటిబెల్లం 25 గ్రాములు, పెద్ద కొబ్బరికాయలు 2.

దుంపరాష్ట్రం పచ్చిది పెద్ద సూపర్ మార్కెట్లలో థాయ్ అల్లం పేరుతో దొరుకుతుంది. ఆయుర్వేద దుకాణంలో దొరికే ఎండుదైతే 8 గ్రాములు చాలు, గంటసేపు వేడినీళ్లలో నానబెట్టాకే నలుగుతుంది. రెండూ లేకపోతే అల్లం 12 గ్రాములు వేసుకోవచ్చు, కాకపోతే దుంపరాష్ట్రానికి ఉండే ఆ కర్పూరపు ఘాటు అల్లంలో రాదు. మక్రూత్ ఆకుకి బదులుగా లేత దబ్బాకు పనికొస్తుంది. మజ్జిగలో నలిపి వేసే ఆకే ఇది, సువాసన కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి 6 ఆకులు తీసుకోండి. రొయ్యల ముద్ద దొరకనివాళ్లు ఎండు రొయ్యపప్పు ఒక పెద్ద చెంచా పొడిగా వేయించి దంచి వేసుకోవచ్చు. పులిసిన వాసన రాదు గానీ కూరకి కావలసిన సముద్రపు రుచి వస్తుంది. తాటిబెల్లం విషయంలో మాత్రం సర్దుకోవాల్సిన పనే లేదు. కంబోడియాకి జాతీయ వృక్షం తాటిచెట్టే. అక్కడి కంపోంగ్ స్పూ తాటిబెల్లానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తాటిబెల్లం అచ్చంగా అదే పని చేస్తుంది. పంచదార వేస్తే తీపి మాత్రమే వస్తుంది, ఆ కాలిన కమ్మదనం రాదు.

ముందు కొబ్బరిపాలు. తురిమిన కొబ్బరిని 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో తిప్పి గుడ్డలో గట్టిగా పిండితే దాదాపు 350 మి.లీ. చిక్కటి పాలు వస్తాయి. ఆ పిప్పిలోనే 600 మి.లీ. నీళ్లు పోసి మళ్లీ పిండితే రెండో పాలు. మొదటి పాలను అరగంట ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి, మీగడ పైకి తేలుతుంది. ఆ మీగడ వైపు నుంచి 150 మి.లీ. తీసి పక్కన పెట్టుకోండి, క్రుయెంగ్ వేగాల్సింది అందులోనే.

ఇప్పుడు మిరపకాయలు. తొడిమ తీసి, చీల్చి, గింజలన్నీ రాల్చి, వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. గింజలు ఉండిపోతే కారం పెరగడమే కాదు, ముద్దలో ఇసుకలా పంటికి తగులుతాయి. గుంటూరు మిరపకాయలతో ఈ రంగు తేవాలంటే కారం హద్దు దాటుతుంది, అందుకే బ్యాడిగి.

నిమ్మగడ్డిలో వాడేది కింది 12 సెంటీమీటర్లే. బయటి గట్టి పొరలు రెండు ఒలిచి, కాడను అడ్డంగా కాగితంలా పలుచగా కోయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. నిలువుగానో లావుగానో కోస్తే ఎంత నూరినా పీచు తెగదు, తినేటప్పుడు గొంతులో దారాల్లా అడ్డం పడుతుంది. నిమ్మ ఆకుల నడిమి ఈనెలు తీసేసి సన్నగా తరగండి.

రోట్లో నూరితే వరుస ముఖ్యం, గట్టివి ముందు, తడివి తర్వాత. నిమ్మగడ్డిని ఉప్పుతో కలిపి పీచు కనబడనంత వరకూ దంచండి. ఉప్పు గరుకుగా ఉండి పీచుని తెంపుతుంది. తర్వాత దుంపరాష్ట్రం, పసుపు, నిమ్మ ఆకులు. ఆ తర్వాత వెల్లుల్లి, ఉల్లిపాయలు, వాటి వెనక పిండిన మిరపకాయలు, చివర్లో రొయ్యల ముద్ద. ఉల్లి ముందే వేస్తే తడికి నిమ్మగడ్డి రోట్లో జారిపోతుందే తప్ప నలగదు. ఇరవై నిమిషాలు పడుతుంది. మిక్సీ అయితే నీళ్లు అస్సలు పోయకండి, బ్లేడు తిరగడానికి రెండో పాలు రెండు మూడు చెంచాలు చాలు. నీళ్లెక్కువైన ముద్ద వేగదు, ఉడుకుతుంది. అప్పుడు పచ్చి వాసన చివరిదాకా వదలదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో తీసిపెట్టిన మీగడ పాలు పోసి మధ్యస్థం మంటమీద కలుపుతూ మరిగించండి. ఆరేడు నిమిషాలకు పాలు చిక్కబడి, పెరుగు తరకల్లా విరిగి, అంచుల్లో నూనె మెరుస్తుంది. ఇక్కడ విరగాలి, అదే కావలసింది. డబ్బా పాలలో విరగకుండా ఉండే పదార్థాలు కలిపి ఉంటే ఎంతసేపు మరిగించినా నూనె తేలదు. అలాంటప్పుడు రెండు పెద్ద చెంచాల నూనె వేసేయండి.

మంట తగ్గించి క్రుయెంగ్ వేసి ఏడెనిమిది నిమిషాలు వేయించండి. వేయించి దంచిన ధనియాల పొడి చివరి నిమిషంలో పడాలి. ముద్ద ఎరుపు ముదిరి, పచ్చిగడ్డి వాసన పోయి, ఎర్రటి నూనె గిన్నె అంచున నిలిచినప్పుడు వేగినట్టు. తొందరపడి మంట పెంచితే వెల్లుల్లి మాడి కూరంతా చేదెక్కుతుంది, ఆ చేదుని బెల్లంతో కప్పలేం.

కోడి ముక్కలు వేసి ముద్ద పట్టేలా ఐదు నిమిషాలు తిప్పండి. ఫిష్ సాస్, సగం బెల్లం, రెండో పాలు పోసి సన్నటి మంటమీద ఉడకనివ్వండి. ఫారం కోడికి మొత్తం 25 నిమిషాలు, నాటుకోడికి గంట దాకా కావాలి. నాటుకోడి అయితే కూరగాయలు వేసేముందు ముక్క గిల్లి చూడండి. కోడి దించేందుకు 15 నిమిషాల ముందు రెండంగుళాల చిలగడదుంప ముక్కలు, నాలుగు చీలికలు చేసిన ఉల్లిపాయ, మరో ఐదు నిమిషాలకు వంకాయలు, అలచంద కాయలు వేయాలి. చిలగడదుంప ముక్కలు చిన్నవైతే కరిగి కూర జావలా తయారవుతుంది.

మిగిలిన చిక్కటి పాలు చివర్లో పోయాలి. ఈసారి మాత్రం విరగకూడదు. మూత తీసి, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేంత మంటమీదే ఐదు నిమిషాలు ఉంచండి. తెర్లనిస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి తెల్లటి తునకలు తేలతాయి. తినడానికి ఇబ్బంది లేదు గానీ ఆ నున్నదనం పోతుంది.

రుచి చూసేటప్పుడు ఉప్పదనం ముందు తగలాలి, వెనకనే తీపి. పులుపు అక్కర్లేదు కాబట్టి నిమ్మరసం, చింతపండు వెయ్యకండి. ఉప్పు చాలకపోతే ఫిష్ సాస్, ఘాటెక్కువైతే మిగిలిన బెల్లం. కూర మన పులుసు కన్నా కాస్త పలుచగా, పైన ఎర్రటి నూనె తేలుతూ ఉండాలి. గట్టిగా ముద్దగా వచ్చిందంటే రెండో పాలు తక్కువైనట్టే, అర గ్లాసు వేడినీళ్లు కలపండి.

కంబోడియాలో దీన్ని రొట్టెతో ముంచుకుని తింటారు. 1863 నుంచి 1953 దాకా సాగిన ఫ్రెంచి పాలన వదిలిన పొడుగాటి రొట్టె అది, పేరు నుమ్ పాంగ్. మన బేకరీ బన్ను తీపిగా ఉంటుంది కాబట్టి దీనికి నప్పదు, తీపి లేని గట్టి రొట్టె వెతకండి. నుమ్ బాంచోక్ అనే సన్నటి బియ్యపు సేమియా మీద పోసుకునేవాళ్లూ అంతే మంది. ఎండు బియ్యపు సేమియాను మరిగే నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో కడిగి, పైన మొలకెత్తిన పెసలు, కీరా తరుగు వేసి, వేడి కూర పోయండి. తెల్లన్నంలోకీ బాగుంటుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు సన్నటి మంటమీద వేడిచేయండి. క్రుయెంగ్ ముక్కలోకి దిగి, మొదటి రోజు కన్నా రుచి పెరుగుతుంది.