ఒంటిపూట బడుల్లో ఇంటిల్లిపాదినీ బడికి రప్పించడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది పెద్ద ఆడిటోరియం ఉన్న బడుల కోసం కాదు. మాది చంద్రగిరి పక్క పల్లెలో ఇద్దరు టీచర్ల ప్రైమరీ బడి. 38 మంది పిల్లలు, ఒక వేపచెట్టు, ఒక బోరింగు, అంతే. మార్చి సగంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ 23తో బడి అయిపోతుంది. ఆ ఐదారు వారాల్లో ఒక పూట అమ్మానాన్నల్నీ అవ్వాతాతల్నీ ఎలా పిలవాలి, వచ్చినవాళ్లతో ఏం చేయించాలి, బడి కబుర్లు ఇంటికి ఎలా చేర్చాలి అన్నది రాస్తున్నా.

మొదటిసారి మేం పూర్తిగా బోల్తా పడ్డాం. షామియానా వేసి, మైకు పెట్టి, పది గంటలకు 'తల్లిదండ్రుల సమావేశం' అని చీటీలు పంపాం. వచ్చింది 11 మంది. అందులో నలుగురు బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో అడగడానికి వచ్చారు. గంటన్నర మేమే మాట్లాడాం. ఒకటో తరగతి పిల్లోడు అవ్వ ఒళ్లో నిద్రపోయాడు, కాసేపటికి అవ్వ కూడా. మీటింగంటే సంతకం పెట్టి వెళ్లిపోవడమే కదా అని ఊళ్లో అందరి లెక్క. అది వాళ్ల తప్పు కాదు. మరుసటి ఏడు నుంచి మీటింగు అన్న మాటే ఎత్తలేదు, ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్పి పిలిచాం.

రోజు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. శనివారం మంచిదే కానీ రెండో శనివారం మామూలుగా సెలవు, మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది, చీపుళ్లు పట్టుకున్న ఫొటోలు అప్‌లోడ్ చేసేసరికే మనకు తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని మొదటిదో నాలుగోదో పెట్టుకోండి, ఉగాది హడావిడి తగ్గాక, పరీక్షలు మొదలవక ముందు. ఇక టైమంటారా, ఫలానా గంటకు అందరూ రావాలి అనకండి. మా వైపు తెల్లవారితే పాలు పిండి కేంద్రంలో పోసి రావాలి, కరువు పనికి పోయేవాళ్లు ఎండెక్కకముందే ముగించుకోవాలని చీకటితోనే బయల్దేరతారు (కాగితాల్లో ఉపాధి హామీ, మా నోళ్లలో ఇంకా కరువు పనే). బడి 7:45కు తెరుస్తాం, 12:30కి మూస్తాం, ఈ మధ్యలో ఎప్పుడొచ్చినా సరే, అరగంట ఉంటే చాలు అని చెప్పండి.

పిలుపు టీచరు రాయకూడదు, పిల్లలే రాయాలి. నాలుగు, ఐదు తరగతుల వాళ్లు చిన్నోళ్లకు కూడా రాసిపెడతారు. ఒక పాప రాసింది ఇంకా నా బీరువాలో ఉంది: "అవ్వా, శనివారం మా బడికి వచ్చి అచ్చనగండ్లు ఆడి చూపియ్యాల. రాళ్లు నేనే ఏరి పెట్టినా." ఇది అందుకున్న అవ్వ రాకుండా ఉంటుందా? చదవడం రానివాళ్ల కోసం ఇవే మాటలు బిడ్డ గొంతుతో రికార్డు చేసి ఎవరి వాయిస్ వాళ్ల ఇంటి వాట్సాప్‌కే పంపండి. గ్రూపులో వేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి కనిపించకుండా పోతుంది.

ఇంటికి పంపే బడి కబుర్ల కాగితం సంగతి. ఒక్క ఏ4 కాగితం, రెండు వైపులా, పిల్లల చేతిరాతతో, జిరాక్స్ తీయించి. టైపు చేయించొద్దు. తమ బిడ్డ అక్షరం కనబడితే ఆ కాగితం గోడకు ఎక్కుతుంది, టైపు చేస్తే బొరుగుల పొట్లం అవుతుంది. ముందు వైపు పిల్లల వార్తలు. ఏం చూశావు, ఎక్కడ, ఎప్పుడు, ఈ మూడూ ఉంటే వార్త, లేకపోతే వ్యాసం. అక్షర దోషం తప్ప ఏదీ దిద్దకండి. మా దాంట్లో వచ్చినవి: "వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. గుడ్డు తినేటప్పుడు ఆ కింద కూర్చోకండి." "సోమవారం బోరింగు పిడి ఊడింది. సార్ కమ్మీతో కట్టినాడు, మళ్లీ ఊడింది." ఇంకొకటి: "మా నాయన మామిడితోట కావలికి పోతాడు. రాత్రి మా అమ్మకు భయం, నేను మేలుకోని ఉంటా." ఆ పిల్ల పొద్దున్నే ఎందుకు ఆవులిస్తుందో రెండు నెలలు తిట్టాక నాకు తెలిసింది ఇలాగే. అది అచ్చు వేయలేదు లెండి. ఇంటి సంగతి ఏదైనా సరే, ఆ ఇంట్లో అడిగాకే వేయాలి.

వెనక వైపు పెద్దక్షరాల్లో తేదీలు: ఒంటిపూట వేళలు, పరీక్షలు, ఏప్రిల్ 23 ఆఖరు రోజు, జూన్ 12న మళ్లీ బడి, ఐదేళ్లు నిండిన పిల్లలుంటే ఒకటో తరగతిలో చేర్పించమన్న మాట. చాలు.

ఆ పూట నాలుగు మూలల్లో నాలుగు పనులు పెట్టండి, స్టేజీ వద్దు. మా దగ్గర అన్నిటికంటే జనం మూగింది పులి-మేక దగ్గర. పటం గీయడం చాలామంది మర్చిపోయారు కాబట్టి చెప్తున్నా. పైన ఒక చుక్క, అది కొండ కొన. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు విప్పారుతూ దించండి. వాటిని కోస్తూ అడ్డంగా మూడు గీతలు, రెండు పక్కలా కొండ దాటి బయటికి వచ్చేలా. ఆ బయటి కొసలను పక్కకొకటిగా నిలువు గీతలతో కలపండి, అడుగున నాలుగు గీతల కొసలనూ ఒక గీతతో కలపండి. కూడళ్లు లెక్కపెడితే 23 రావాలి, రాకపోతే ఎక్కడో ఒక గీత పొట్టిగా ఆగిపోయింది. పులులు 3, మేకలు 15. మేకలన్నీ ఒక్కొక్కటిగా దించేదాకా దించిన మేక కదలకూడదు, పులి మాత్రం మేక మీంచి అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినేస్తుంది. పులులు కదల్లేకుండా కట్టేస్తే మేకల గెలుపు. మేకలకు చింతగింజలు, పులులకు టెంకాయ పెంకు ముక్కలు సరిపోతాయి. ముగ్గుపిండితో గీస్తే పది నిమిషాల్లో కాళ్లకు అంటుకుని పోతుంది, చాక్‌పీసు నీళ్లలో ముంచి గీయండి, ఆరాక గట్టిగా పట్టుకుంటుంది. ఐదో తరగతి పిల్లలు ఒక తాత చేతిలో వరసగా ఆరుసార్లు ఓడిపోయి, ఏడోసారి ఆయన్ని కదలకుండా కట్టేశారు. ఆయన ఇంటికి పోనంటే పోను, ఇంకో ఆట ఆడాల్సిందే అని కూర్చున్నాడు.

రెండో మూల అవ్వలది, అచ్చనగండ్లు, పొడుపు కథలు. మూడో మూలలో శెనక్కాయలు: అమ్మ ఒక చారెడు తీస్తుంది, ఎన్నున్నాయో బిడ్డ ముందు అంచనా చెప్పాలి, తర్వాత పదేసి కుప్పలు పెట్టి లెక్క చూసుకోవాలి. లెక్కయిపోయాక తినేయడమే. నాలుగోది పిట్టలకు నీళ్లు. మార్చి 20 పిచ్చుకల దినం అని చెప్పి మొదలుపెట్టొచ్చు. టెంకాయ చిప్పకు కాల్చిన మేకుతో అంచు దగ్గర మూడు బొక్కలు పొడిచి పురికొస కట్టి నీడలో వేలాడదీయాలి. నీళ్లు రోజూ మార్చే పని ఎవరిదో ఆరోజే పేరు రాయండి, లేకపోతే దోమలు పెంచినట్టే.

నాన్నల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్లు లోపలికి రారు, గేటు దగ్గర బండి మీదే కూర్చుని ఫోను చూస్తుంటారు. వాళ్లకు నిచ్చెన, పానాలు చేతికివ్వండి. చిప్పలు కట్టింది వాళ్లే, మా బోరింగు పిడి బాగయిందీ వాళ్ల వల్లే.

తల్లికి వందనం (పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే డబ్బు), ఆధార్ ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. గేటు పక్కన ఒక బల్ల వేసి ఇద్దరు టీచర్లలో ఒకరు అక్కడే కూర్చోండి, లేదంటే పూట మొత్తం దానికే పోతుంది. తాగడానికి కూల్‌డ్రింకులు వద్దు, కుండలో మజ్జిగ, లేదా నన్నారి షర్బత్‌లో నిమ్మకాయ పిండి ఇవ్వండి. పెద్దలు కూడా భోజనానికి కూర్చుంటారనుకుంటే వండే అక్కలకు రెండు రోజుల ముందే చెప్పి, అదనపు బియ్యం, పప్పు బడి తల్లిదండ్రుల కమిటీ చూసుకోవాలి. పిల్లల లెక్కలో వచ్చిన బియ్యంలో చెయ్యి పెట్టకండి.

వెళ్లేటప్పుడు ప్రతి ఇంటికీ వేసవికి ఒకటే పని రాసిచ్చాం. చంద్రగిరి కోటలో రాజమహల్‌కు వెళ్లి, అంత పెద్ద మేడలో ఒక్క కర్ర దూలమైనా ఎక్కడుందో వెతికి రండి అని. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. దూలం దొరకదు, ఎందుకంటే ఆ మేడను రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, ఈ సంగతి మాత్రం ముందే చెప్పకూడదు. కప్పు ఎలా నిలబడిందో ఇంటిల్లిపాదీ ఆలోచించి, జవాబు రాసుకుని జూన్ 12న తేవాలి. పోయినేడు తొమ్మిది మంది తెచ్చారు. అందులో మూడు జవాబుల చేతిరాత ఒకటే, మా ఊరి కిరాణా కొట్టు నాయనది.