మానసిక చికిత్సకుల రిజిస్ట్రేషన్‌ను సరిచూసుకోవడం ఎలా?

మనసు విప్పి మాట్లాడబోయే ముందు ఎదుటివారి అర్హతను అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు, అది రోగి హక్కు. మందులు రాసే సైకియాట్రిస్టు వైద్యుడే కనుక ఆయన పేరు రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఉండాలి. మందులు రాయకుండా మాటల ద్వారా చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకైతే 1992 నాటి చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చిన సీఆర్‌ఆర్ నంబరు, అంటే కేంద్ర పునరావాస రిజిస్టరులోని నమోదు సంఖ్య, ఉంటుంది. ఆ నంబరును అడిగి తీసుకుని, ఆర్‌సీఐ వెబ్‌సైటులో వెతికి, పేరు, అర్హత, గడువు మూడూ సరిపోతున్నాయో లేదో చూడండి, ఎందుకంటే గోడకు ధ్రువపత్రం వేలాడుతున్నా దాని గడువు తీరిపోయి ఉండవచ్చు. కౌన్సెలర్ అన్న బోర్డును మాత్రమే నమ్మి వెళ్లకండి, చదువు, శిక్షణల గురించి సూటిగా అడగండి.

ఎవరిని కలవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. నేరుగా వెళ్లగలిగినవారికి హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.